పాచి షెడ్డులో బూడిద నగరం

లాగ్ 1
గాలి: పచ్చ.
పలకలు: అన్నీ అయ్యాయి.

రాసేది హిమజ, పాచి షెడ్డు, రెండో షిఫ్టు, చదువరి. పదహారేళ్లు నిండాయి కాబట్టి లాగ్ రాసే పని నాకొచ్చింది. మొదటి వరసలో గాలి ఎలా ఉందో రాయాలి, రెండో వరసలో పలకల సంగతి రాయాలి, మిగతా జాగా నీ ఇష్టం అన్నారు. నాతో నీ ఇష్టం అనడం వాళ్ల పొరపాటు.

ముందు శుభవార్త. భూమి నుంచి వచ్చిన పంపు సామాన్ల పెట్టె విప్పితే, వాల్వులు కదలకుండా అడ్డం పెట్టిన చెత్తలో ఒక పుస్తకం దొరికింది. కాగితం పుస్తకం. ఇంత దూరం వాల్వుకి దిండుగా వచ్చింది పాపం. అట్ట సగం చిరిగిపోయింది, రాసినవాళ్ల పేరు ఆ సగంతోనే పోయింది. పుస్తకం పేరు మాత్రం మిగిలింది: బూడిద నగరం. కింద చిన్న అక్షరాల్లో 'రేపటి లోకం ఇలా ఉంటే? యువతరం కోసం ఒళ్లు జలదరించే నవల' అని ఉంది. వాళ్లు భయపడిన ఆ రేపు ఎప్పుడో వచ్చి వెళ్లిపోయింది. అంగారకుడి మీద కూర్చుని దాన్ని చదవబోతున్నది నేను. పొద్దున్నుంచీ నవ్వాగడం లేదు.

మా షెడ్డు గురించి తెలియనివాళ్లకి: గాజు పలకల వెనక నీళ్లలో పాచి పెరుగుతుంది. పాచి గాలినిస్తుంది. మా ఊరు గవ్వపాలెం మొత్తం ఆ గాలే పీలుస్తుంది. పాత పాచి గాజుకి మందంగా పట్టేస్తే వెలుతురు అందదు, అందుకని పైనుంచి పొడుగు కర్ర రేకులు దించి రోజూ గోకాలి. ఇంత విసుగు పని ఈ గ్రహం మీద ఇంకోటి లేదు. అందుకే మా పెద్దవాళ్లు ఒకరు ఎత్తు పీట మీద కూర్చుని చదివేలా, మిగతావాళ్లు వింటూ గోకేలా ఏర్పాటు చేశారు. చదివేవాళ్ల వంతు పలకలు అందరూ పంచుకుంటారు.

ఇన్నాళ్లూ చదివింది పంపు మాన్యువల్. మూడోసారి చదువుతుంటే మా అవ్వ ఓబులమ్మ రేకు ఆపి, "ఈ కతలో ఎవురూ సావరా?" అని అడిగింది. రేపు బూడిద నగరం మొదలు.

లాగ్ 2
గాలి: పచ్చ.
పలకలు: ఒకటో రెండో తక్కువ.

మొదలుపెట్టాం. ఎక్కడి నుంచి చెప్పను.

ఆ నగరంలో రోజూ పొద్దున్నే అందరూ వరసలో నిలబడి రాత్రి వచ్చిన కల చెప్పాలి. చుట్టూ పెద్ద గోడ. గోడ అవతలి కల వచ్చినవాళ్లని బూడిద కోట్లు తొడుక్కున్న భటులు పట్టుకెళ్లి బావుల్లోకి దించేస్తారు. మిత్ర అనే పిల్లకి, నా వయసే, ప్రతి రాత్రీ గోడ అవతలి కలే వస్తుంది. ప్రతి పొద్దునా నిలబడి అబద్ధం చెబుతుంది: 'నాకు బూడిద కలొచ్చింది.' ఈ వాక్యం చదివి కాసేపు ఆగాను. ముప్ఫై మంది ఉన్న షెడ్డులో గాలి తిప్పే ఫ్యాను హోరు తప్ప ఇంకేమీ లేదు. అంత గొప్పగా నాకెప్పుడూ అనిపించలేదు.

తర్వాత గుడ్డు వచ్చింది. నగరంలో జనానికి పూటకి ఒక గిన్నె అంబలి, ఒక చల్లారిన ఉడకబెట్టిన గుడ్డు మాత్రమే పెడతారు. రాసినవాళ్లు దాన్ని మహా ఘోరంగా రాశారు. మాకు కోళ్లు లేవు, గుడ్డు అంటే బొమ్మలో చూసిందే. రేకులన్నీ ఆగిపోయాయి.

"పూటకా?" అన్నాడు పైడిరాజు బాబాయ్. ఈయన మా గాలి కాపరి. తలుపు దగ్గర గాలి ముల్లు కింద కూర్చుని, అది పచ్చలోంచి పసుపులోకి పోకుండా చూడటం ఆయన పని. "పూటకొక గుడ్డా? ఇదేటి నరకమే గుంటా, పెళ్లివారిల్లులా ఉంటేను?"

మా ముత్తాతలు ఏ ఊళ్లో ఓడెక్కారో ఆ ఊరి మాటే మూటగట్టుకొచ్చారు. బాబాయ్‌ది ఒక వైపు, అవ్వది ఇంకో వైపు, ఇద్దరూ పోట్లాడుకుంటే వినాలి.

గోడ సంగతి ఇంకా చిక్కు. "బయటికి వెళ్తే ఊపిరాడదు కదా, గోడ కట్టినవాళ్లు మంచోళ్లేగా?" అంది ఫరీదా. నా పక్కింటి పిల్ల, నా ప్రాణం, షెడ్డులో అందరికంటే వేగంగా గోకేది. భూమ్మీద బయట కూడా గాలి ఉంటుందని చెప్పేసరికి అవ్వ మధ్యలోకి వచ్చింది.

"బయట ఊరికే ఉంటాదా గాలి?"

"ఊరికేనంట అవ్వా."

"ఎవురూ గోకకుండానే?"

"ఎవరూ గోకకుండానే."

అవ్వ మళ్లీ రేకు అందుకుంది. "అబద్దాలు రాసినారులే. బాగుండాది, సదువు," అంది.

లాగ్ 3
గాలి: పచ్చ (బాబాయ్ కేకేసి చెప్పాడు, నేను దిగి చూడలేదు).
పలకలు: కాస్త తక్కువే.

తక్కువ అవడానికి కారణం వకుళ. వకుళ అంటే మిత్ర అక్క, మెత్తని మనిషి, అబద్ధం చేతకాదు. ఇవాళ వరసలో నోరు జారింది. 'గోడ అవతల ఏదో పచ్చగా ఉంది' అనేసింది. బూడిద కోట్లవాళ్లు తలుపు దగ్గరికి వచ్చారు. నేను గొంతు తగ్గించాను. షెడ్డులో రేకులు గాల్లోనే ఆగిపోయాయి. వాళ్లందరి ఊపిరీ నా చేతిలో ఉన్నట్టుంది, ఆ సంగతి నాకు బాగా తెలుసు, అందుకే ఇంకాస్త నెమ్మదిగా చదివాను. గోకండి అని చెప్పాల్సింది. చెప్పబుద్ధి కాలేదు.

వెనక వరసకి వినపడటం లేదని ఫరీదా ఫ్యాను ఒక మెట్టు తగ్గించింది. అబ్బ, ఎంత హాయి. మిత్ర ఏడుపు కూడా నేను గుసగుసగా చదవగలిగాను.

సరిగ్గా బూడిద కోట్లవాడు గడియ మీద చెయ్యి వేసినప్పుడు మా గాలి గంట మోగింది. షెడ్డు షెడ్డంతా కెవ్వుమంది. తీరా చూస్తే ఎవరో తలుపు ఫ్రేముకి ఆనుకున్నారు. గాలి పసుపైనా మోగుతుంది, తలుపు కదిలినా మోగుతుంది, ఆ గంటకి తేడా తెలియదు. నవ్వలేక చచ్చాం. బాబాయ్‌కి మాత్రం ఒళ్లు మండింది.

"దీనికి వేళాపాళా నేదేటి? కత మంచి పట్టు మీదుంటే?" అని భుజం మీది తువ్వాలు తీసి గంటకి నాలుగు చుట్లు చుట్టేశాడు. "నాను కళ్లతో సూస్తానుగా. సదువే గుంటా."

అందరూ ఆయనకి చప్పట్లు కొట్టారు.

లాగ్ 4
గాలి: పచ్చే అయ్యుంటుంది.
పలకలు: ఫరీదాని అడగాలి.

ఇవాళ మొదటి షిఫ్టువాళ్లు ఇళ్లకు పోలేదు. వంటవాళ్లు వచ్చారు. బడి పిల్లలు వచ్చారు. గోడల వెంట, పలకల మధ్య, ఎక్కడ చూసినా జనమే. నడవాలో చప్పుడు వినపడుతోందని తలుపు మూసేశాం. ఫ్యాను ఇంకో మెట్టు దిగింది. రేకులు పట్టుకున్నవాళ్లు ఉన్నారు గానీ వాటిని చేతికర్రల్లా ఆనుకుని నిలబడ్డారు.

వకుళని దించేశారు. మిత్ర ఆ రాత్రి మొదటిసారి నిజం కల కన్నట్టు నవ్వుతుంది, ఎందుకంటే ఆమె ఒక నిర్ణయానికి వచ్చింది. నిజం చెప్పి తనూ బావిలోకి పోతుంది, అక్కని తెచ్చుకోవడానికి. నా కణతలు టకటకా కొట్టుకున్నాయి. ఫరీదా గుండె మీద చెయ్యి వేసుకుని, "హిమా, చూడు, ఇది ఎలా ఉరుకుతోందో. నాకు ఇలా ఎప్పుడూ కాలేదు," అంది. వంటమనిషికి తలనొప్పి వచ్చింది, ఏడ్చినందుకు. అందరికీ అదే. ఇంత మంది చేత ఇంత పని చేయించే పుస్తకం నా ఒళ్లో ఉంది. గర్వంతో నా కాళ్లు నేల మీద ఆనడం లేదు.

ఇంత దారుణమైన కథ విని మనకింత సంతోషం ఏమిటని ఆలోచించాను. గవ్వపాలెంలో భయపడటానికి కూడా ఒక పద్ధతి ఉంది. గంట మోగితే మాస్కు, గోడ పట్టుకుని నడక, తలుపు దగ్గర పేరు చెప్పడం. పుట్టినప్పటి నుంచీ భయాన్ని ఒక పనిలా చేస్తూ వచ్చాం. ఊరికే, సరదాగా, ఇంకొకరి కోసం భయపడటం మాకిదే మొదటిసారి. అవ్వని అడిగితే ఇంకా తేలిగ్గా చెప్పింది.

"మన బయ్యానికైతే మనమే మాస్కు ఎతుక్కోవల్ల. ఆ పిల్ల బయ్యానికి నేను కూసోని ఏడిస్తే సాలు. ఇంతకీ ఆ పిల్ల కూడు తినిందా?"

అవ్వకి మోకాళ్ల నొప్పులు. చిన్న పీట వేసుకుని నా కాళ్ల దగ్గర, మూలన కూర్చుంటుంది. ఇవాళ పైడిరాజు బాబాయ్ కూడా స్టూలు తెచ్చుకుని అవ్వ పక్కనే చేరాడు. ముల్లు దగ్గర నుంచి సరిగా వినపడదట.

లాగ్ 5
గాలి: తర్వాత రాస్తా.
పలకలు: ఏ పలకలు?

టీ విరామంలో రాస్తున్నాను. ఎవరూ టీకి పోలేదు. పెన్సిలు బరువే లేదు, అక్షరాలు ఈదుకుంటూ పోతున్నాయి, వరస తప్పితే క్షమించాలి.

మిత్ర బావిలోకి దిగింది. ఏం అధ్యాయం, ఏం అధ్యాయం. కింద గాలి కుళ్లిపోయి ఉంది. చేతిలో దీపం చిన్నదైపోతోంది. 'ఆమె నుదురు బిగుసుకుంది. గుండె పరిగెత్తింది. వేళ్ల చివరలు మొద్దుబారాయి' అని చదివాను. చదివి తలెత్తి చూద్దును కదా, షెడ్డులో అందరూ ఎవరి నుదురు వాళ్లు పట్టుకుని ఉన్నారు. బడి పిల్ల ఒకతి వేళ్లు విదిలించుకుంటోంది.

"ఎవుడు రాసేడో గానీ మహానుభావుడు," అన్నాడు బాబాయ్, ఆయాసంగా. "సదూతుంటే నిజంగానే ఊపిరాడ్డం నేదు."

భూమ్మీద, ఊరికే గాలి ఉన్నచోట కూర్చుని, ఊపిరాడకపోవడం గురించి ఇంత బాగా ఎలా రాశారో. నా గొంతు కూడా మధ్యమధ్యలో తెగిపోతోంది. నేను నటిస్తున్నానని అందరూ అనుకుంటున్నారు. నాకూ నటిస్తున్నట్టే ఉంది, ఇంత బాగా వస్తుందని తెలియదు. ఫరీదా కారణం లేకుండా నవ్వుతోంది, ఆమెని చూసి నేను, నన్ను చూసి వెనక వరస. మిత్ర చచ్చిపోయేలా ఉంటే మేం పడీపడీ నవ్వుతున్నాం. ఇంత ఆనందం నా జన్మలో ఎరగను. ఇంకా రెండే అధ్యాయాలు, ఈ సగంతో కలిపి.

అవ్వ కాలు గిల్లుతోంది, మొదలుపెట్టమని.

లాగ్ 6
గాలి: ఎరుపు. ఇప్పుడు పసుపు.
పలకలు: గోకుతున్నాం.

మిత్ర చేతికి వకుళ చెయ్యి తగిలిన చోట అవ్వ పీట మీంచి నేల మీదికి జారిపోయింది. షెడ్డంతా చప్పట్లు కొట్టింది. కథకి అంతలా కదిలిపోయిందని. నేనూ కొట్టాను. ఆ మాట రాయకపోతే లాగ్ రాయడం దండగ.

అవ్వ లేవలేదు. దిగి చూస్తే పెదవులు నీలంగా ఉన్నాయి.

పైడిరాజు బాబాయ్ ముల్లు వైపు పరిగెత్తబోయి మోకాళ్ల మీద పడ్డాడు. పాక్కుంటూ వెళ్లాడు. ముల్లు ఎరుపులో ఉంది. దాని కింద గంట తువ్వాలు లోపల చప్పుడు లేకుండా కొట్టుకుంటోంది. ఎప్పటి నుంచి కొట్టుకుంటోందో. ఆయన తువ్వాలు లాగేసరికి ఆ మోతకి అందరికీ మెలకువ వచ్చింది.

తర్వాతదంతా మాకు చేతనైన పని. మాస్కులు, గోడ పట్టుకుని నడక, తలుపు దగ్గర పేర్లు. ఎవరూ అరవలేదు, ఎవరూ తోసుకోలేదు. ఫరీదా ఫ్యాను చివరి మెట్టుకి తిప్పేసి అక్కడే కూలబడింది. అవ్వని గాలి సిలిండర్ల గదికి మోసుకెళ్లాం.

ఇప్పుడు అందరం గోకుతున్నాం, నేను కూడా. పలకలు మందంగా గోధుమరంగు కట్టి ఉన్నాయి, పీట మీద నుంచి నాకు ఒక్కటీ కనపడలేదు. చదివేవాళ్లు లేరు. పుస్తకం బాబాయ్ పనిముట్ల పెట్టెలో పెట్టి తాళం వేశాడు. అవ్వ కళ్లు తెరవలేదు. ఈ భయంలో సరదా ఏమీ లేదు. చేతులు ఖాళీగా ఉండకూడదని రాస్తున్నాను, ఇక రేకు దగ్గరికి పోతాను.

లాగ్ 7
గాలి: పచ్చ.
పలకలు: అన్నీ.

అవ్వ లేచింది. కళ్లు తెరిచి, ముక్కు దగ్గర గొట్టం పక్కకి నెట్టి, నన్ను చూసి అడిగిన మొదటి మాట: "ఆ పిల్ల బావిలోంచి పైకొచ్చినాదా?" నేను అవ్వ ఒళ్లో తల పెట్టుకుని చాలాసేపు ఏడ్చాను. జవాబు రాలేదని అవ్వ ఇంకోసారి అడిగింది.

సాయంత్రం క్యాంటీన్‌లో అందరం కూర్చున్నాం, అవ్వని కుర్చీతో సహా తెచ్చాం. బాబాయ్ లేచి నిలబడ్డాడు. ఆయన మొహం చూడలేకపోయాను.

"తప్పు నాది. గంటకి తువ్వాలు సుట్టింది నాను. ఓబులమ్మక్క పేనం మీదికి తెచ్చింది నాను," అన్నాడు. అంతటితో ఆగితే బాగుండేది. "ఒకటి సెప్తాను, ఇనండి. కతా నేదు కాకరకాయా నేదు. మన గుండెలు కొట్టుకున్నాయంటే సెడ్డగాలికి కొట్టుకున్నాయి. తలనొప్పీ దానికే, ఏడుపూ దానికే, నవ్వూ దానికే. ఆ పుస్తకంలో ఏటీ నేదు."

అందరూ జరిగిందంతా మళ్లీ తలుచుకుంటున్నట్టున్నారు. ఫరీదా నా వైపు తిరిగి, "అంటే పుస్తకం మామూలుదేనా, హిమా?" అంది. వెక్కిరించడానికి కాదు, నిజంగానే అడిగింది. అందుకే ఎక్కువ తగిలింది.

నాకు తెలియదు. గుడ్డు దగ్గర రేకులన్నీ ఆగిపోయినప్పుడు గాలి పచ్చగానే ఉంది. మరి వకుళ దగ్గర? మిత్ర నవ్వినప్పుడు నా కాళ్లు నేల మీద ఆనకపోవడం మిత్ర చలవా, పాచి పట్టిన పలకల చలవా? నా జన్మలో అంత సంతోషం ఎరగనని రాశానే. అది కూడా నాది కాకపోతే ఎలా.

మళ్లీ పంపు మాన్యువల్ మొదలుపెడదాం అన్నారెవరో. అప్పుడు అవ్వ కుర్చీ చేతుల మీద కొట్టింది.

"సావు దాకా పొయ్యొచ్చింది నేను. నేను సెప్తా. మిగిలింది మంచిగాలిలో సదవనీ. గుండె కొట్టుకోకపోతే ఆ పుస్తకాన్ని మళ్లీ వాల్వుకే పెట్టండి."

బాబాయ్ ఒప్పుకోలేదు. అవ్వ ఆయన వైపు అలా చూస్తూ ఉండిపోయింది. కాసేపటికి ఒప్పుకున్నాడు గానీ షరతులు పెట్టాడు. ఫ్యాను నిండా తిరగాలి, నేను అరిచి చదువుకోవాలి. షిఫ్టువాళ్లు తప్ప ఎవరూ రాకూడదు, మిగతావాళ్లు తెరిచిన తలుపు బయట నిలబడాలి. ఒక్క రేకు ఆగినా నా నోరు ఆగాలి. ఆయన ముల్లు దగ్గరే నిలబడి, పేజీ తిప్పినప్పుడల్లా గాలి రంగు కేకేసి చెబుతాడు.

"పట్టు మీదున్నా చెబుతారా?" అని అడిగాను.

"పట్టు మీదుంటే ఇంకా గట్టిగా సెప్తాను," అన్నాడు.

లాగ్ 8
గాలి: ఖాళీగా వదిలాను. నేనే వెళ్లి చూసి రాస్తాను.

మొదటి పేజీ ఘోరంగా సాగింది. ప్రతి ఒక్కరూ కథ వినడం మాని తమ గుండె వింటున్నారు. మిత్ర వకుళని వీపు మీద వేసుకుని బావి మెట్లు ఎక్కుతోంది. "పచ్చ!" అని బాబాయ్ కేక. మెట్టు మీద మెట్టు. "పచ్చ!" నాకు ఏమీ అనిపించలేదు. పీట దిగి పారిపోదామనుకున్నాను.

అప్పుడు పైన బూడిద కోట్లవాళ్ల అడుగుల చప్పుడు వినిపించింది. వకుళ మిత్ర చెవిలో, 'నన్ను దించేసి పో' అంది. నేను అక్కడ ఆగిపోయాను. గొప్ప కోసం కాదు. వెనక వరసలో ఎవరో కర్ర ఆపేశారు, షరతు ప్రకారం నోరు మూశానంతే.

"ఎవరే ఆపింది?" అని ఫరీదా వెనక్కి తిరిగి గర్జించింది. "గోకు, నీకు దండం పెడతా, గోకు."

ఆ తర్వాత రేకులు చూడాలి. అంత జోరు పాచి షెడ్డులో ఎప్పుడూ లేదు. మిత్ర దించలేదు. బూడిద కోట్లవాళ్ల కన్నుగప్పి ఇద్దరూ గోడ దగ్గరికి చేరారు. గోడలో తలుపు. మిత్ర గడియ మీద చెయ్యి వేసింది. ఫ్యాను హోరు మీదుగా అరుస్తుంటే నా గొంతు బొంగురుపోయింది. "పచ్చ," అన్నాడు బాబాయ్. ఈసారి గట్టిగా అనలేదు.

"మాస్కు," అంది ఫరీదా. "హిమా, మాస్కు పెట్టుకోమను." ఆమెకి తెలుసు, భూమ్మీద బయట గాలి ఉంటుందని నేనే చెప్పాను. తలుపు బయట నిలబడిన బడి పిల్లలు చేతులతో ముక్కులు మూసుకున్నారు. నాకూ తెలుసు, అయినా తలుపు అనే మాట నోటికి రావడం లేదు. మా ఊళ్లో ఆ మాట తర్వాత ఎప్పుడూ మంచి జరగలేదు.

'మిత్ర తలుపు తీసింది' అని చదివాను.

రేకులు వేగంగా కదులుతూనే ఉన్నాయి. కొందరు కళ్లు మూసుకుని గోకుతున్నారు. అక్కాచెల్లెళ్లు బయటికి అడుగు పెట్టారు. వాళ్ల తల మీద, భుజాల మీద, బూడిద అంటిన మొహాల మీద పైనుంచి నీళ్లు పడుతున్నాయి.

"పైపు పగిలిందేటి?" అన్నాడు బాబాయ్, కంగారుగా.

"కాదు బాబాయ్. వాన."

"ఊరికేనా?" అంది అవ్వ.

"ఊరికేనంట అవ్వా."

చివరి నాలుగు వరసలు చదివాను. వానలో నిలబడి వకుళ అడుగుతుంది, 'ఇది కలేనా?' అని. మిత్ర నవ్వి అంటుంది, 'ఏమో. రేపు వరసలో ఎవరికీ చెప్పక్కర్లేదు.' అంతే. తర్వాత పేజీ ఖాళీ.

పుస్తకం మూశాను. కథ అయిపోయిందని తెలిసినా ఎవరూ రేకు ఆపలేదు, ఆపితే అది నిజంగా అయిపోతుందేమోనని కాబోలు. ఫరీదా చెంపల మీద నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. అవ్వ నా చెయ్యి లాక్కుని తన గుండె మీద పెట్టుకుంది. లోపల అది దబదబా కొట్టుకుంటోంది. నాది ఇంకా ఘోరంగా ఉంది.

పీట దిగి షెడ్డు ఈ చివర నుంచి ఆ చివరకి నడిచాను. నా కళ్లతో నేను చూడాలి. బాబాయ్ ముల్లుకి అడ్డంగా, మాకు వీపు చేసి నిలబడి ఉన్నాడు. గంట మీద ఏమీ లేదు. తువ్వాలు ఆయన మొహం మీద ఉంది.

"బాబాయ్, గాలి ఎలా ఉంది?"

"గాలి బాగానే ఉందే గుంటా," అన్నాడు, తువ్వాలు తీయకుండానే. "నానే బాగులేను."

భుజం పట్టుకుని ఆయన్ని పక్కకి జరిపి చూశాను. చూసి, మొదటి వరసలో వదిలిన జాగా సరిపోదని ఇక్కడ పెద్ద అక్షరాలతో రాస్తున్నాను.

పలకలు: అన్నీ, కొన్ని రెండేసి సార్లు.
గాలి: పచ్చ.